రోబోకి గడువు పెరిగింది, టీముకి ఆయుష్షు పెరిగిందా?

2019 ఫిబ్రవరి 19, మంగళవారం. ఆ రాత్రి పన్నెండు కొట్టేలోపు మూడున్నర వేలకు పైగా హైస్కూలు రోబోటిక్స్ టీములు తమ రోబోని ఓ పెద్ద పాలిథీన్ సంచిలో పెట్టి, మూతి బిగించి, నంబరున్న ప్లాస్టిక్ సీలు వేసి, ఆ నంబరు ఫారం మీద రాసి, పెద్దవాళ్ల చేత సంతకం పెట్టించాయి. మళ్లీ ఆ సంచి విప్పడమంటే పోటీ జరిగే చోటే. ఎఫ్ఆర్‌సీలో (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అనే పోటీలో) రోబోలు ఇలా బ్యాగ్‌లోకి వెళ్లిన ఆఖరి రాత్రి అది. 2020 నుంచి ఆ నియమం ఎత్తేస్తున్నామని నిర్వాహకులు అంతకు ముందు ఏడాదే, 2018లో, ప్రకటించేశారు.

డెట్రాయిట్ శివార్లలోనో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో హైస్కూలు పిల్లలున్న తెలుగువాళ్లకి ఎఫ్ఆర్‌సీ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కలు. డీన్ కేమెన్ 1989లో పెట్టిన ఫస్ట్ అనే సంస్థ, ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ తోడుగా, 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్‌లో ఒక హైస్కూలు జిమ్‌లో 28 టీములతో మొదలుపెట్టిన పోటీ ఇది. జనవరి మొదట్లో ఒక శనివారం కిక్‌ఆఫ్. ఆ రోజే ఆ ఏడాది ఆట ఏమిటో తెలుస్తుంది. బంతులు విసరాలా, పెట్టెలు పేర్చాలా, చివర్లో కడ్డీ పట్టుకుని వేలాడాలా అన్నది అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అక్కణ్నుంచి ఆరు వారాల మూడు రోజుల్లో యాభై కిలోలు దాటే రోబోని సున్నా నుంచి కట్టాలి. పోటీలు ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. బ్యాగ్ తీసేశాక మొదటి వారం పోటీకెళ్లే టీముకి రమారమి ఎనిమిది వారాలు, ఆఖరి వారం పోటీకెళ్లే టీముకి పన్నెండు, పదమూడు వారాలు చేతికొచ్చాయి.

నేను మిషిగన్‌లో ఇలాంటి ఒక టీముకి మెకానికల్ మెంటర్ని. ఉద్యోగం కార్ల విడిభాగాల కంపెనీలో. మా పెద్దమ్మాయి కోసం వెళ్లాను. అది చదువైపోయి వేరే ఊరు వెళ్లిపోయింది, నేను మాత్రం టీము షాపులో, అంటే రోబో కట్టే వర్క్‌షాపులో, ఉండిపోయాను. బ్యాగ్ ఉన్న రోజులూ చూశాను, లేని రోజులూ చూస్తున్నాను. బ్యాగ్ తీసేటప్పుడు అందరం చెప్పుకున్న కారణాల్లో పెద్దది, టీములు మూతబడకుండా నిలబడతాయన్నది. ఆ ఒక్క మాట గురించే నాకు పేచీ.

ముందుగా ఒకటి ఒప్పేసుకుందాం. బ్యాగ్ తీసేయడం మంచి పనే. చివరికొచ్చేసరికి ఆ నియమం పేరుకి మాత్రమే మిగిలింది. రోబో సంచిలో ఉన్నా, ముప్ఫై పౌండ్ల దాకా విడిభాగాలు బయట ఉంచుకోవచ్చు. ముప్ఫై పౌండ్లంటే రోబో చెయ్యి మొత్తం కొత్తది కట్టి పోటీకి పట్టుకెళ్లొచ్చు. మిషిగన్ లాంటి చోట్ల డిస్ట్రిక్టు పద్ధతిలో, అంటే ఇంటికి దగ్గర్లోని పోటీల్లో, ఆడే టీములకి పోటీకి ముందు వారంలో ఆరు గంటలు సంచి విప్పి పనిచేసుకునే వెసులుబాటు కూడా ఉండేది. ఇక డబ్బున్న టీములైతే మొదటి నుంచీ రెండు రోబోలు కట్టేవి. ఒకటి సంచిలోకి, రెండోది షాపులో డ్రైవింగ్ ప్రాక్టీసుకి. అంటే గడువు అయిపోయేది పేద టీములకే. రెండో రోబోకి డబ్బుల్లేని టీము పిల్లలు పోటీ రోజున మొదటిసారి జాయ్‌స్టిక్ పట్టుకుంటుంటే, పక్క పిట్‌లో (పోటీ దగ్గర టీము రోబోని సరిచేసుకునే చోటు) పిల్లలు మూడు వారాలుగా రోజూ తోలి వచ్చేవాళ్లు. అందరికీ ఒకటే నియమం, నష్టం మాత్రం కొందరికే. అలాంటిది పోతే పోయింది.

సరే, తీసేశాక ఏమైంది? లెక్కలు చూసి తేల్చుకుందామంటే కుదరదు. కొత్త పద్ధతిలో మొదటి సీజన్ 2020. మార్చి 12న కోవిడ్ వల్ల ఆ సీజన్ సగంలో ఆగిపోయింది. మరుసటి ఏడాది పోటీలు ఇళ్లలోంచే అన్నట్టు నడిచాయి. 2020లో సుమారు 3,900 టీములు పేర్లిచ్చాయి. 2022లో మళ్లీ అందరూ మైదానానికి వచ్చేసరికి ఆ సంఖ్య 3,200 దగ్గరికి పడిపోయింది. తర్వాత మెల్లమెల్లగా కోలుకుంటోంది. పడిపోయింది చూపించి బ్యాగ్ తీసేయడం వల్లే అనే వాళ్లున్నారు, కోలుకుంటోంది చూపించి బ్యాగ్ తీసేయడం వల్లే అనే వాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటకీ ఆ అంకెల్లో ఆధారం లేదు. స్కూళ్లు మూతబడి, సీనియర్లు జూనియర్లకి ఒక్క బోల్టు బిగించడం కూడా చూపించకుండా చదువు ముగించుకుని వెళ్లిపోయిన రెండేళ్లు మధ్యలో ఉన్నాయి. కాబట్టి అంకెల్ని పక్కనపెట్టి షాపులో కనిపించేదే చెబుతాను.

రోబోలు బాగుపడ్డాయి. అందులో అనుమానం లేదు. పదేళ్ల కిందటి పోటీలో ప్రతి మ్యాచ్‌లోనూ కనీసం ఒక రోబో మైదానం మధ్యలో చచ్చి పడుండేది. ఇప్పుడు అది అరుదు. సగటు టీము కూడా ఆట సగమైనా ఆడగల యంత్రంతో వస్తోంది. చూసేవాళ్లకి ఇది పండగే.

అయితే ఆ పెరిగిన వారాలు ఎవరి చేతుల్లోకి వెళ్లాయో చూడాలి. ఫిబ్రవరి మూడో వారం అనుకోండి. పాత రోజుల్లో సంచి మూతి కట్టేసే వేళ. రోబో నడుస్తోంది, చెయ్యి లేస్తోంది, కానీ నెమ్మదిగా లేస్తోంది. సీనియర్ అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తాడు. "అంకుల్, ఆర్మ్ తీసేసి ఎలివేటర్ పెడదాం. క్యాడ్ రాత్రి చేసేశాను. ఇంకా మూడు వారాలుంది కదా." క్యాడ్, అంటే కంప్యూటర్లో గీసిన డిజైను, బాగానే ఉంటుంది. గొలుసు బదులు బెల్టు, గేర్‌బాక్సు కిందికి, బరువు నాలుగు పౌండ్లు తక్కువ. కాదనడానికి ఇంజినీరుగా నా దగ్గర ఒక్క కారణం ఉండదు. పాత రోజుల్లోనైతే "మంగళవారం బ్యాగ్ నాన్నా" అంటే సరిపోయేది.

నిలువుగా పైకి లేచే ఆ ఎలివేటర్ పెడతారు. అది పెట్టేది ఎవరు? క్యాడ్ వచ్చిన ఇద్దరు, లోహం చెక్కే మిల్లు మీద చెయ్యి తిరిగిన ఒకమ్మాయి, వైరింగ్ చేసే ఇంకొకడు, మెంటర్లలో నేనూ ఇంకో ఇద్దరం. తొందర పని కదా, తప్పు జరిగితే మళ్లీ చేసే టైము లేదు కదా. అందుకని నేర్చుకునేవాళ్ల చేతికి ఇవ్వరు. తొమ్మిదో తరగతి పిల్లలు ఓ పన్నెండు మంది బల్లల చుట్టూ నిలబడి చూస్తారు. కాసేపు అల్యూమినియం పొడి ఊడుస్తారు. కాసేపు ఫోన్లు చూసుకుంటారు. పెరిగిన ప్రతి వారమూ ఇలా అప్పటికే పని వచ్చినవాళ్ల ఖాతాలోకే పోతుంది. మా టీము ఒక్కటే ఇలా అనుకోవడానికి లేదు. పోటీల్లో సాయంత్రాలు పిట్‌ల మధ్య నిలబడి మాట్లాడుకునే మెంటర్లందరిదీ ఇదే గోల.

బ్యాగ్ ఉన్న రోజుల్లో సంచి మూతి కట్టాక పోటీ దాకా రెండు మూడు వారాలు చేతులు ఖాళీగా ఉండేవి. రెండో రోబో కట్టే స్తోమత లేని టీముకి మరీను. అప్పుడు చిరాకుపడేవాళ్లం. కానీ ఆ ఖాళీలోనే పిట్‌కి అరలు కొట్టేవాళ్లం. అవార్డులకి రాయాల్సిన వ్యాసాలు రాసేవాళ్లం. ఎదుటి టీముల్ని గమనించి రాసుకునే స్కౌటింగ్ పద్ధతి తొమ్మిదో తరగతి పిల్లలకి నేర్పేవాళ్లం. డబ్బులిచ్చిన హార్డ్‌వేర్ షాపు పెద్దాయన దగ్గరికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఫోటోలు చూపించొచ్చేవాళ్లం. రోబో అందుబాటులో లేకపోవడం వల్ల టీము పనులు జరిగేవి. ఆ ఖాళీని ఎవరూ కావాలని పెట్టలేదు, అది బ్యాగ్‌తో పాటు వచ్చింది, బ్యాగ్‌తోనే పోయింది. దాని స్థానంలో ఇంకేదైనా పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. కిక్‌ఆఫ్ అయిన వారం పది రోజులకి సంక్రాంతి. అది ఎలాగూ ఏళ్ల తరబడి మిషిగన్ మంచులో మొక్కుబడి పండగే, పోనీ అనుకునేవాళ్లం. ఇప్పుడు శివరాత్రి షాపులోనే, ఉగాది ఏదో జిమ్‌లో మెట్ల మీదే. మా ఆవిడ ఉగాది పచ్చడి డబ్బాలో పెట్టి పిట్‌కి పంపింది ఒక ఏడాది. "పండగ మీ దగ్గరికి రావాలి గానీ మీరు పండగ దగ్గరికి రారు కదా" అంది. నవ్వుకున్నాం. కానీ మాతో పాటు మొదలుపెట్టిన మెంటర్లలో కొందరు మానేసింది ఇందుకే. ఆరు వారాలైతే ఇంట్లో అడిగి ఒప్పించొచ్చు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికి అయిదు సాయంత్రాలంటే ఎవరింట్లో ఒప్పుకుంటారు? గడువు పెరిగితే పని పలచబడుతుంది, రోజుకి తక్కువ గంటలు చేసుకోవచ్చు అన్నారు. పలచబడలేదు. అదే వేగంతో రెట్టింపు దూరం నడిచింది. టీచర్ల పరిస్థితి ఇంకా కష్టం. స్కూలు భవనం తాళం వాళ్ల పేరు మీద ఉంటుంది, ఆఖరి పిల్లవాడిని వాళ్ల అమ్మానాన్నా తీసుకెళ్లేదాకా వాళ్లు ఇంటికి కదలకూడదు.

ఇక ఖర్చు. రెండో రోబో అవసరం పోయింది కాబట్టి డబ్బు మిగులుతుందన్నారు. కొందరికి మిగిలిందేమో. ఈలోగా స్వర్వ్ డ్రైవ్ వచ్చి కూర్చుంది. నాలుగు చక్రాలూ దేనికది తిరుగుతూ రోబోని ఏ వైపుకైనా జార్చే ఏర్పాటు. నాలుగు మాడ్యూళ్లు, ఎనిమిది మోటార్లు, వాటి కంట్రోలర్లు కలిపితే వేల డాలర్లు. టైముంటే కోడ్ సరిచేసుకోవచ్చన్న ధైర్యం లేకపోతే చాలా టీములు దాని జోలికి పోయేవి కావు. టైము ఉంది, పోయాయి. ఇప్పుడది లేకుండా వచ్చే టీము వెనకబడిపోయినట్టే లెక్క. దీనికి పూర్తిగా గడువునే నిందించను, బజారులో రెడీమేడ్‌గా దొరకడం అసలు కారణం. కానీ మిగలాల్సిన డబ్బు అక్కడ తేలింది.

మరి టీములు ఎప్పుడు చస్తాయి? నేను చూసినంతలో సీజన్ మధ్యలో చచ్చిన టీము లేదు. ఫిబ్రవరిలో ఎంత తన్నుకున్నా, చెయ్యి విరిగినా, కోడ్ పోయినా, ఏదో ఒకటి పట్టుకుని పోటీకి వస్తారు. టీములు పోయేది జూన్‌లో. అది ఎవరికీ కనిపించదు. సెప్టెంబరులో పేర్ల జాబితా చూసి, "అరె, ఫలానా టీము లేదేమిటి" అనుకుంటాం.

మా పక్క ఊరి టీము సంగతే చెబుతాను. పేరు అక్కర్లేదు. మంచి టీము, రాష్ట్ర స్థాయిలో జరిగే డిస్ట్రిక్ట్ చాంపియన్‌షిప్ దాకా వెళ్లొచ్చినవాళ్లు. ఆ ఏడాది వాళ్లకి టైము తక్కువై బాధపడింది లేదు. ఆఖరి వారాల పోటీలకే పేరిచ్చుకుని రోబోని నున్నగా చెక్కినట్టు తయారుచేశారు. మేలో ఆరుగురు సీనియర్లు చదువు ముగించుకుని వెళ్లారు. జూన్‌లో టీచరు ఇంకో స్కూలు డిస్ట్రిక్టుకి మారింది. స్పాన్సర్ కంపెనీలో వీళ్ల తరఫున మాట్లాడే మనిషి రిటైరయ్యాడు. మళ్లీ డబ్బు అడగడానికి ఆ కంపెనీ వెబ్‌సైటులో దరఖాస్తు నింపాలి. దాని పాస్‌వర్డు వెళ్లిపోయిన కుర్రాడి స్కూలు ఈమెయిల్‌కి వస్తుంది. ఆ ఈమెయిల్‌ని స్కూలు మూసేసింది. వేసవంతా ఎవరూ చూడలేదు. ఎఫ్ఆర్‌సీకి మొదటి పోటీ రిజిస్ట్రేషనే 6,000 డాలర్ల చుట్టుపక్కల. కట్టే గడువు సీజన్‌కి నెలల ముందే. షాపు తెరిచేసరికి ఖాతాలో అంత లేదు. పదిహేనేళ్ల టీము. ఇప్పుడు వాళ్ల మిల్లు మా షాపులో ఉంది, సగం ధరకి కొన్నాం.

ఈ కథలో బిల్డ్ సీజన్ ఆరు వారాలైతే ఏమిటి, ఇరవై వారాలైతే ఏమిటి? సన్నగా ఉన్న చోటు వదిలేసి అప్పటికే బలంగా ఉన్న చోటు ఇంకో పూత వేశాం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు మనవాళ్లు. టీముకి దీపం సీనియర్లు. వాళ్లున్నప్పుడే ఎవరికి ఏం అప్పజెప్పాలో అప్పజెప్పాలి. వాళ్ల ఆఖరి సాయంత్రం కూడా ఎలివేటర్ బెల్టు బిగించడానికే పోతే అప్పజెప్పేది ఎప్పుడు?

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. గడువు పొడుగైతే టీములు పోతాయనుకుంటే, అసలు గడువే లేని పోటీలు బతికి బట్టకడుతున్నాయి కదా? నిజమే. ఫస్ట్ వాళ్లదే ఇంకో పోటీ ఎఫ్‌టీసీ. సెప్టెంబరులో ఆట చెబుతారు, ఏప్రిల్ దాకా సీజన్. వేరే సంస్థ నడిపే వెక్స్ పోటీ అయితే ఇంకా పొడుగు. ఈ ఏడాది ప్రపంచ పోటీల చివర్లోనే వచ్చే ఏడాది ఆట బయటపెట్టేస్తారు, అంటే సీజన్ ఏడాది పొడుగునా. వాటిలో టీములు ఎఫ్ఆర్‌సీ కంటే ఎన్నో రెట్లు. కానీ ఆ రోబోలు పద్దెనిమిది అంగుళాల పెట్టెలో పట్టేవి. ఇంటి గ్యారేజీలో, భోజనాల బల్ల మీద కట్టుకోవచ్చు. అయిదారుగురు పిల్లలు, ఒక అమ్మో నాన్నో చాలు. వారానికి రెండు సాయంత్రాలు. వెక్స్‌లో ఒకసారి కొన్న ముక్కలే మరుసటి ఏడాదికీ పనికొస్తాయి. అక్కడ సీజన్ పొడుగు, రోజు చిన్నది. ఎఫ్ఆర్‌సీలో మనం సీజన్ పొడుగు చేశాం, రోజు మాత్రం అలాగే ఉంచాం. పిండి కొద్దీ రొట్టె అన్నది యంత్రాలకి తెలుసు. యాభై కిలోల రోబోకి పెద్ద షాపు, ట్రెయిలరు, మిల్లు, తాళాలున్న పెద్దవాళ్లు కావాలి. వాళ్ల సాయంత్రాలు పెంచడం ఏ నియమం వల్లా కాదు.

రెండో ఎదురు వాదన నా నోరు మూయిస్తుంది, అది కూడా చెప్పకపోతే అన్యాయం. ఆరు వారాల గడువు అందరికీ ఆరు వారాలు కాదు. మిషిగన్ ఉత్తరాన మంచు తుపాను వస్తే స్కూలు మూసేస్తారు. స్కూలు మూస్తే షాపు కూడా మూతే. అలా నాలుగైదు రోజులు పోతే ఆరు వారాల్లో పూడ్చుకోలేరు. విదేశాల టీములకి విడిభాగాల కిట్టు కస్టమ్స్‌లో ఆగుతుంది. ముంబై నుంచి ఎఫ్ఆర్‌సీ ఆడే పిల్లలున్నారు. వాళ్లలో సీబీఎస్‌ఈ చదివేవాళ్లకి ఫిబ్రవరి మధ్యలో బోర్డు పరీక్షలు మొదలు, పోటీకి దేశం దాటి పోవాలి. బోర్డు పరీక్షలనే మాట ఎంత బరువో మనకి చెప్పక్కర్లేదు. పదో తరగతి పిల్లవాడు పరీక్షల నెలలో రోబో దగ్గర కూర్చుంటానంటే విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అలాంటి టీములకి పెరిగిన వారాలు ప్రాణం పోశాయి. మొదటి ఏడాది టీములకి కూడా. బ్యాగ్ రోజుల్లో రూకీ టీము రోబో కదలకుండా సంచిలోకి వెళ్లి, కదలకుండానే పోటీకి వచ్చేది. అది చూసి మరుసటి ఏడాది రాని పిల్లలెంతమందో.

అయితే రూకీలకి ఆ వారాలకంటే ఎక్కువగా చేయూతనిచ్చింది ఇంకోటి ఉందని నా అభిప్రాయం. హ్యూస్టన్ దగ్గరి రోబోనాట్స్, 118 నంబరు టీము, ఏటా ఎవరిబాట్ అనే చవక రోబోని తామే రూపొందించి, కొలతలూ విధానమూ అందరికీ ఉచితంగా ఇస్తుంది. మామూలు పనిముట్లతో కట్టగలిగేలా. ఇటీవలి సీజన్లలో ఫస్ట్ కూడా కిట్టులో వచ్చే చాసీ (అడుగు చట్రం) మీద పాయింట్లు కొట్టగల కిట్‌బాట్‌కి పూర్తి సూచనలు ఇస్తోంది. దిక్కు తోచని టీముకి కావలసింది ఇదీ. ఏం కట్టాలో తెలియనివాడికి ఇంకో నెల ఇస్తే ఇంకో నెల తలపట్టుకుంటాడు.

ఇది నాకు ఎఫ్ఆర్‌సీ కంటే ముందే తెలుసు. మా ఇంజినీరింగ్ కాలేజీలో రోబోకాన్ ఆడేవాళ్లం. ఆసియా పసిఫిక్ దేశాల ప్రసార సంస్థలు కలిసి 2002 నుంచి నడిపే పోటీ. మన దేశంలో దూరదర్శన్ చేతుల్లో ఉండేది. 2008లోనూ 2014లోనూ అంతర్జాతీయ పోటీ పుణేలో జరిగింది. ఆట ఏమిటో నెలల ముందే చెప్పేస్తారు. ఆ నెలలన్నీ మేం క్యాంటీన్‌లో డిజైన్ల గురించి వాదించుకునేవాళ్లం. చివరి నెలలో హాస్టల్ మెస్సు మానేసి కట్టేవాళ్లం. మా బ్యాచ్ బయటికెళ్లిన మరుసటి ఏడాది ఆ కాలేజీ నుంచి టీమే వెళ్లలేదు. మోటార్లు ఏ బీరువాలో ఉన్నాయో కూడా జూనియర్లకి ఎవరూ చెప్పలేదట. ఇప్పుడు మన స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, పిల్లలు యంత్రాలు కట్టి నేర్చుకోవడానికి కేంద్ర ప్రభుత్వం అయిదేళ్లకి కలిపి ఇరవై లక్షల దాకా ఇస్తుంది. మొన్న ఊరెళ్లినప్పుడు ఒక స్కూల్లో చూశాను. సైన్సు మాస్టారికి బదిలీ అయింది, త్రీడీ ప్రింటరు మీద గుడ్డ కప్పి ఉంది. డబ్బుంది, టైముంది, ఆయన తర్వాత ఇంకో మనిషి లేడు.

కాబట్టి టీము నిలబడాలంటే చూడాల్సింది ఎక్కడో నాకు స్పష్టంగానే ఉంది. మిషిగన్‌లో మిగతా రాష్ట్రాలకంటే టీములు ఎక్కువ ఉండటానికి బ్యాగ్‌తో సంబంధం లేదు. 2009లోనే డిస్ట్రిక్టు పద్ధతి ఇక్కడ మొదలైంది. ఒకే ఫీజుకి ఇంటికి దగ్గర్లో రెండు పోటీలు ఆడే వీలొచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం స్కూలు నిధుల చట్టంలో రోబోటిక్స్‌కి విడిగా గ్రాంటు పెట్టి, ఫీజుకీ, కోచ్‌ల గౌరవ వేతనానికీ ఇస్తూ వచ్చింది. టీచరుకి నాలుగు డబ్బులిస్తే, ఒకరు మానేసినా ఇంకొకరు ముందుకొస్తారు. రెండు గంటల దూరంలోపే పోటీలుంటే హోటల్ ఖర్చు ఉండదు. సెప్టెంబరులో ఫ్లింట్‌లోని కెట్టరింగ్ యూనివర్సిటీలో కెట్టరింగ్ కిక్‌ఆఫ్ అని పాత రోబోలతో ఒక సరదా పోటీ పెడతారు. సీనియర్లు వెళ్లిపోయాక, ఆ రోబోని మొదటిసారి పదో తరగతి పిల్లలు తోలేది అక్కడే. గోడలకి గుద్దుతారు, చెయ్యి వంచేస్తారు. ర్యాంకుతో పని లేదు కాబట్టి ఎవరూ కసరరు. నన్నడిగితే ఏడాది మొత్తంలో మా టీముకి అన్నిటికంటే ముఖ్యమైన రోజు అదే. ఆ రోజు ఎంతమంది కొత్త పిల్లలు పిట్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకున్నారో చూస్తే మూడేళ్ల తర్వాత టీము ఉంటుందో లేదో చెప్పొచ్చు.

మా దగ్గర పాస్‌వర్డులన్నీ ఇప్పుడు టీము పేరు మీద ఒకే ఖాతాలో ఉంటాయి, స్కూలు ఈమెయిల్‌లో కాదు. స్పాన్సర్లకి ఉత్తరం రాసేటప్పుడు ఒక సీనియర్, ఒక జూనియర్ కలిసి సంతకం పెడతారు, మరుసటి ఏడాది ఆ జూనియర్ పేరు వాళ్లకి కొత్త కాకూడదని. మేలో సీనియర్లకి ఒక పని ఉంటుంది. వాళ్లు చేసిన ప్రతి పనికీ వారసుణ్ని పేరు పెట్టి చెప్పాలి. "బ్యాటరీలు ఎవరు చూసుకుంటారు?" "ఎవరో ఒకరు చూసుకుంటారు అంకుల్" అంటే ఊరుకోం. పేరు చెప్పాలి, ఆ పేరుగల పిల్లకి ఏ బ్యాటరీ ఏ ఏడాదిదో, ఏది గట్టి మ్యాచ్ మధ్యలో చచ్చిపోతుందో చూపించాలి.

నిరుడు ఇంకో అడుగు వేశాం. ఆదివారం, బుధవారం షాపు తెరవం. పోటీకి ముందు వారం రోబోలో మార్పులు చెయ్యం. డ్రైవింగ్ ప్రాక్టీసు చేసుకోవచ్చు, విరిగింది బాగుచేసుకోవచ్చు, కొత్తది కట్టకూడదు. ఆ వారం పిట్‌కీ, అవార్డులకీ, కొత్త పిల్లలకీ. పాత బ్యాగ్‌ని సంచి లేకుండా మేమే తెచ్చుకున్నాం అనుకోండి. ఒక తేడా ఉంది. మంచు తుపాను వస్తే మా గడువు మేం జరుపుకోవచ్చు.

దీనివల్ల నష్టం లేకపోలేదు. మేం ఆడే పోటీలకే వచ్చే ఒక పెద్ద టీములో నాకు స్నేహితుడున్నాడు, వాళ్ల షాపు వారానికి ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. "మీరు తలుపులేసుకుంటే మేం ఆగుతామా అండీ? మీ ర్యాంకు పడిపోతుంది" అన్నాడు. పడిపోయింది కూడా, నిరుడు డిస్ట్రిక్ట్ చాంపియన్‌షిప్‌కి కొద్దిలో తప్పిపోయాం. తప్పితే తప్పనీ అని నేనంటే, "అది మీ మాట. మీ పిల్లల్ని అడిగి చూడండి" అన్నాడు. మాట సబబుగానే ఉందనిపించి ఈ ఆగస్టులో అడిగాం. ఓటు పెట్టాం. సీనియర్లలో ఒక్కరు తప్ప అందరూ బుధవారం తెరవమన్నారు. రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలు మూసే ఉంచమన్నారు. వాళ్లే ఎక్కువమంది ఉన్నారు.